ముల్లు పాటా... మీట పాటా?

నల్లటి ప్లేటు మీద ముల్లు ఆనించి పాట వినడం మళ్లీ ఫ్యాషనైంది. ఫోన్లో మీట నొక్కితే చాలు, లక్షల పాటలు. ఇంట్లో వినడానికి ఏది మేలు? జవాబు మీ అటక మీదే ఉండొచ్చు!

పండక్కి ఇల్లు సర్దుతుంటే అటక మీద ఓ అట్టపెట్టె బయటపడుతుంది. విప్పితే తాతయ్య కొన్న గ్రామఫోను రికార్డులు. 'పాతసామాన్లవాడికి వేసేద్దాం' అంటుంది అమ్మ. 'ఉండు, వీటికిప్పుడు గిరాకీ ఉందట' అంటాడు నాన్న. ఇంజినీరింగ్ చదువుతున్న అబ్బాయి ఇంకో అడుగు ముందుకేసి 'ప్లేయర్ కొందాం నాన్నా, డిజిటల్ కన్నా సౌండ్ బాగుంటుందట' అంటాడు. చాలా ఇళ్లలో చర్చ ఇక్కడే మొదలవుతోంది.

గిరాకీ మాట నిజమే. అమెరికాలో 2022లో 4.1 కోట్ల వినైల్ రికార్డులు అమ్ముడైతే సీడీలు 3.3 కోట్లే. 1987 తర్వాత సీడీలను రికార్డులు దాటడం అదే మొదటిసారి. మనదేశంలోనూ కొత్త ఎల్పీలు వస్తున్నాయి. ధరే కాస్త ఘాటు... ఒక్కోటీ రెండు మూడు వేలు! మరి సౌండ్ మాటో?

గాడిలో గుట్టు

ఎల్పీకి ఒకవైపు ఉండేది ఒకే ఒక్క గాడి. దాన్ని విప్పి సాగదీస్తే దాదాపు అర కిలోమీటరు! పాటంతా ఆ గాడి గోడల వంపుల్లోనే ఉంటుంది. ముల్లు ఆ వంపుల వెంట కదులుతూ పోతే ఆ కదలికే విద్యుత్తుగా మారి స్పీకరుకు చేరుతుంది. చిక్కల్లా బాస్ శబ్దాలతోనే. వాటికి పెద్ద వంపులు కావాలి. ఉన్నదున్నట్టు చెక్కితే ఒక చుట్టు పక్క చుట్టులోకి చొచ్చుకుపోతుంది. అందుకే బాస్ తగ్గించి, సన్నని శబ్దాలు పెంచి చెక్కుతారు. ఇంట్లో 'ఫోనో ప్రీ యాంప్' అనే చిన్న పరికరం మళ్లీ దాన్ని సరిచేస్తుంది. అదొకటి కావాలని తెలియక, ప్లేయర్‌ని నేరుగా స్పీకర్లకు తగిలించి 'ఇదేంటి, దోమ పాడినట్టుంది' అని నిరాశపడేవాళ్లూ ఉన్నారు.

ఇంకో సంగతి. ప్లేటు ఒకే లయలో తిరుగుతున్నా, అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు 50 సెంటీమీటర్లు పరిగెడితే, మధ్యకొచ్చేసరికి అది ఇంచుమించు 21కి పడిపోతుంది. అంటే అదే పాటను సగం చోటులో ఇరికించాలి. చివరి పాటలో 'స'కారాలు కాస్త జీరగా వినిపించేది అందుకే.

1982లో వచ్చిన సీడీకి ఈ బాధల్లేవు. అది శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా దాచుకుంటుంది. మనిషి చెవికి అందే గరిష్ఠ శబ్దం 20,000 హెర్ట్జ్. దానికిది సరిపోతుంది. మెత్తని శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య అంతరం సీడీలో 96 డెసిబెల్స్. మంచి ఎల్పీలో 70కి అటూ ఇటూ. పైగా ఈరోజుల్లో కొత్త ఎల్పీలు చాలావరకూ తయారయ్యేది డిజిటల్ ఫైలు నుంచే. ఆ అబ్బాయి విన్నది సగమే నిజమన్నమాట.

ఆ 'వెచ్చదనం' ఎక్కడిది?

మిగతా సగం కూడా చూడాలి. ఎల్పీ పాటలో వెచ్చదనం ఉంటుందని అభిమానులు చెబుతారు. అందులో కొంత ముల్లు చేర్చే చిన్న చిన్న వక్రీకరణ, కొంత అలవాటు. అట్ట తీసి, ప్లేటు తుడిచి, ముల్లు ఆనించి, 20 నిమిషాలకోసారి లేచి తిరగేసే మనిషి పాటను శ్రద్ధగా వింటాడు. అది తక్కువ సంగతేం కాదు. అసలు కారణం మరొకటుంది. 1990ల నుంచి సీడీలను పోటీపడి గట్టిగా మోగేలా తయారుచేశారు. మెత్తని చోట్లను పైకి లాగి, పెద్ద చోట్లను అణిచారు. అలాంటప్పుడు అదే ఆల్బమ్ పాత ఎల్పీ నిజంగానే బాగుంటుంది. ఆ మెప్పు ప్లేటుది కాదు, దాన్ని తయారుచేసిన ఇంజినీరుది. పాత పాటలకు ఇంకో గండం కూడా ఉంది. బుసబుసలు తీసేయబోయి వయొలిన్ మెరుపును కూడా తీసేసిన కాపీలు, కొత్తగా డ్రమ్స్ చేర్చిన కాపీలు యాప్‌లలో కలిసిపోయి ఉంటాయి.

రోజూ వినడానికైతే డిజిటలే నయం. ప్లేయర్‌కు పెట్టే డబ్బు మంచి స్పీకర్లకు పెట్టుకుంటే ఫలితం ఎక్కువ. వాటిని వైరుతో కలిపితే మరీ మంచిది. బ్లూటూత్‌లో పంపేముందు పాటను సాధారణంగా మరోసారి కుదిస్తారు. అందమైన సూట్‌కేసులో వచ్చే చవక ప్లేయర్ల జోలికి మాత్రం పోకపోవడం మేలు. వాటిలో చాలావాటి ముల్లు బరువుగా నొక్కి గాడిని అరగదీస్తుంది.

ఫోన్లో దొరకని గొంతులు

మరి అటక మీది పెట్టె? ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం, ఘంటసాల భగవద్గీత లాంటివైతే దిగుల్లేదు. అవి ఫోన్లోనూ ఉన్నాయి. కానీ ఎల్పీలకు ముందు 78 రికార్డుల కాలం ఒకటుంది. నిమిషానికి 78 చుట్లు, ఒకవైపు మూడు నిమిషాల పాట. పౌరాణిక నాటక పద్యాలు, హరికథలు, జానపదాలు... తెలుగువాళ్లు ఎగబడి విన్నవెన్నో ఆ ప్లేట్ల మీదే వచ్చాయి. వాటిలో అన్నీ ఎల్పీలుగా, క్యాసెట్లుగా మళ్లీ రాలేదు. క్యాసెట్టుకెక్కనిది యాప్‌కెక్కడం అరుదు. అలాంటి ప్లేటు పెట్టెలో ఉంటే, ఏది బాగా వినిపిస్తుందన్న ప్రశ్నే ఉండదు. ఆ గొంతు ఇంకెక్కడైనా మిగిలిందా అన్నదే ప్రశ్న.

యాప్‌ల మీద భరోసా కూడా అంతంతే. నెలనెలా డబ్బు కట్టి వినే పాట అద్దెది. వింక్ మ్యూజిక్ 2024లో మూతపడినప్పుడు లక్షలమంది పేర్చుకున్న పాటల జాబితాలతో వేరేచోటికి మారాల్సి వచ్చింది.

పారేయకముందే...

ప్లేటు బరువుగా, పెళుసుగా ఉంటే అది లక్కతో చేసిన 78. తేలిగ్గా, కాస్త వంగేలా ఉంటే వినైల్. లక్క ప్లేటును స్పిరిట్‌తో తుడవకూడదు, కరిగిపోతుంది! పొడిబట్టతోనో మెత్తని బ్రష్‌తోనో దుమ్ము దులిపితే చాలు. దొంతరగా పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టాలి. రేకుల కప్పు కింది అటక మే నెల ఎండకు పొయ్యిలా మారుతుంది, వినైల్ వంకర్లు పోతుంది. ముందు వాటిని కిందికి దించాలి.

78 గాడి వెడల్పు ఎక్కువ. దానికి ఎల్పీ ముల్లు కన్నా ఇంచుమించు మూడింతలు లావు ముల్లు కావాలి. కొత్త ప్లేయర్లలో చాలావాటికి అసలు 78 వేగమే ఉండదు. కొనేముందు ఈ రెండూ అడగాలి. తాతల నాటి కీ గ్రామఫోను పనిచేస్తోంది కదా అని దానిమీద ఎల్పీ పెడితే ఆ ఉక్కు ముల్లు ఒక్కసారికే నాశనం చేస్తుంది. 78లను కూడా వేసిన ప్రతిసారీ కొంత అరగదీస్తుంది.

అందుకే సరైన ముల్లున్న ప్లేయర్ మీద ఒక్కసారి శ్రద్ధగా మోగించి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. ఎంపీ3గా కాకుండా వేవ్ ఫైలుగా దాచాలి. బరబరలు తీసేయాలనిపిస్తే అది కాపీ మీద చేసుకోవాలి. మొదటి ఫైలును ముట్టుకోకూడదు, రెండుచోట్ల భద్రపరచాలి. దాంతోపాటు లేబుల్‌కు రెండువైపులా ఫొటో తీసి, మీది నంబరు రాసుకోవాలి. ఒకే నటుడు ఒకే పద్యాన్ని రెండుసార్లు పాడి రికార్డిచ్చి ఉంటే, ఏది ఏదో తేల్చేది ఆ నంబరే.