పుణ్యపురుషుల కథ రాసేదెవరు?

చాండ్లర్ నుంచి ఐ-10 ఎక్కి దక్షిణంగా రెండు గంటలలోపు వెళితే, టూసాన్ దాటగానే తెల్లటి చర్చి కనబడుతుంది. పేరు శాన్ జేవియర్. ఇటలీలో పుట్టిన జెస్యూట్ ఫాదర్ కీనో 1692లో ఇక్కడికొచ్చారు. ఇప్పటి కట్టడం మాత్రం 1783-97 మధ్య ఫ్రాన్సిస్కన్ సన్యాసుల హయాంలో లేచింది. రెండు గోపురాల్లో ఒకటి నేటికీ అసంపూర్తే. సైట్‌లో పనిచేసే నాలాంటివాడి కన్ను ముందు దానిమీదే పడుతుంది.

కీనో 1711లో చనిపోతే, 2020లో పోప్ ఆయన్ని 'పూజనీయుడు' అని ప్రకటించారు. సెయింట్ కావడానికి ఇంకా రెండు మెట్లున్నాయి. సాక్ష్యాలు, విచారణలు, ఫైళ్లు... బిల్డింగ్ పర్మిట్ నయం!

అందరికీ ఇంత ఆలస్యం కాలేదు లెండి. అస్సీసీ ఫ్రాన్సిస్ 1226లో పోతే, 1228కల్లా సెయింట్ అయ్యారు. పోప్ కోరితే తొమాసో అనే సన్యాసి ఆయన చరిత్ర రాశాడు. తర్వాత బొనవెంచర్ మరొకటి రాశారు. 1266లో ఆ సన్యాసుల సంఘం ఈ ఒక్కటే ఉంచి, పాత చరిత్రలన్నీ నాశనం చేయమంది. అదృష్టం కొద్దీ కొన్ని ప్రతులు మిగిలాయి.

మరి మన దగ్గరో? ఇంచుమించు ఆ కాలంలోనే పాల్కురికి సోమనాథుడు 'బసవపురాణం' రాశాడు. ఓరుగల్లు దగ్గరి పాలకుర్తి ఆయన ఊరని చెబుతారు. మామూలు జనం పాడుకునేలా ద్విపదలో రాశాడు. బసవన్నతోపాటు ఎవరెవరికి చోటిచ్చాడో చూడండి. మడివాలు మాచయ్య బట్టలుతికేవాడు. కన్నప్ప వేటగాడు. బెజ్జ మహాదేవి అయితే, శివుడికి తల్లి లేదే అని బాధపడి తానే తల్లయింది. ఏ ఆఫీసూ ముద్ర వేయలేదు. భక్తులు చెప్పుకున్నారు, కవి రాశాడు, ఊరూరా పాడారు. 1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తీసుకెళ్లాడు.

అలాగని అంతా మెత్తగా ఉండదు. జైనుల మీద, పరమతాల మీద కోపమూ అందులో ఉంది. రాసేవాడికీ ఓ పక్షం ఉంటుంది మరి. అక్కడ సంఘం చెరిపేయమన్నా, ఇక్కడ కవి కోప్పడినా, మనకి అందేది కలం పట్టినవాడు ఉంచిందే.

శాన్ జేవియర్ గోడలు లేపడంలో ఇక్కడి ఓధామ్ జనం చెమట ఉంది. వాళ్లలో ఏ ఒక్కరి కథా పుస్తకంగా మనకి అందలేదు. సోమనాథుడు రాయకపోతే మాచయ్య పేరు మనదాకా వచ్చేదా?

మీ ఊళ్లోనూ పదిమందికి అన్నం పెట్టినవాళ్లో, బావి తవ్వించినవాళ్లో ఉండే ఉంటారు. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మనో, తాతనో అడగండి. విన్నది ఓ నోట్‌బుక్‌లో రాసిపెట్టండి.