ఎండలో పుట్టే కణాలు: నగరం పక్కన అడవి గాలి

5.0 ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• ప్రాథమిక, ద్వితీయ కణాల మధ్య తేడా చెప్పగలుగుతారు.
• నగరం, అడవి వదిలే వాయువులు ఎండలో కణాలుగా మారే క్రమాన్ని వివరించగలుగుతారు.

5.1 ఉపోద్ఘాతం

ఎండాకాలంలో కోడుమూరు నుంచి కర్నూలుకు బస్సులో వెళ్తే కిటికీలోంచి మీద పడే దుమ్ము ఎలా ఉంటుందో మీకు తెలుసు. అది పొలాల నుంచి, రోడ్ల నుంచి నేరుగా గాలిలోకి లేచినది. ఇటువంటివాటిని ప్రాథమిక కణాలు అంటాం. ముతక దుమ్ము చాలావరకు త్వరగానే నేలకు దిగుతుంది.

గాలిలో ఉన్న వాయువుల నుంచే పుట్టే కణాలు మరో రకం. ఇవి ద్వితీయ కణాలు. ఇవి సాధారణంగా 2.5 మైక్రోమీటర్లకన్నా చిన్నవి కాబట్టి ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. వీటి పుట్టుకలో ఎండదే ముఖ్యపాత్ర.

5.2 ముడిసరుకు ఎక్కడిది?

జామాయిల్ ఆకును నలిపి వాసన చూడండి. ఆ ఘాటైన వాసనలో టెర్పీన్లు అనే వాయువులు ఉంటాయి. అనేక రకాల చెట్లు ఐసోప్రీన్ అనే వాయువును కూడా వదులుతాయి. వెలుతురు, వేడి పెరిగేకొద్దీ ఇది ఎక్కువవుతుంది. రాత్రి దాదాపు ఆగిపోతుంది. ప్రపంచంలోని మొక్కలు ఏటా సుమారు 50 కోట్ల టన్నుల ఐసోప్రీన్‌ను వదులుతాయని అంచనా. నగరం నుంచి వచ్చేవి నత్రజని ఆక్సైడ్లు. వాహనాలు, డీజిల్ జనరేటర్లు వీటిని వదులుతాయి.

5.3 ఎండ చేసే పని

1. సూర్యకాంతి నత్రజని డైయాక్సైడ్ అణువును విడగొడుతుంది. విడివడిన ఆక్సిజన్ పరమాణువు ఆక్సిజన్ అణువుతో కలిసి ఓజోన్ అవుతుంది.
2. అతినీలలోహిత కిరణాలు ఓజోన్‌ను విడగొడతాయి. అప్పుడు వచ్చే పరమాణువుల్లో కొన్ని నీటి ఆవిరితో చర్య జరిపి హైడ్రాక్సిల్ రాడికల్‌ను ఇస్తాయి. దీని ఆయుష్షు సుమారు ఒక్క సెకను.
3. ఈ రాడికల్ ఐసోప్రీన్, టెర్పీన్లను ఆక్సీకరిస్తుంది. అలా ఏర్పడిన పదార్థాల్లో కొన్ని వాయు రూపంలో నిలవలేక పాత కణాలమీద పేరుకుంటాయి, లేదా కొత్త కణాలుగా ఏర్పడతాయి.

ఎండ పని ఇక్కడితో ఆగదు. కట్టెల పొగలోని గోధుమరంగు పదార్థం ఎండకు క్రమంగా వెలిసిపోతుంది. కణంలోని కొంత భాగం విడిపోయి మళ్లీ వాయువవుతుంది. ఆక్సిజన్ ఎక్కువగా చేరిన కణాలు నీటిని బాగా పట్టుకుని, మేఘ బిందువులకు విత్తనాలవుతాయి.

5.4 ఉదాహరణ

బ్రెజిల్‌లోని మనౌస్ నగరం అమెజాన్ అడవి మధ్యలో ఉంది. 2014, 2015లలో అక్కడ జరిపిన కొలతల ఆధారంగా 2019లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. నగరపు పొగ చేరిన చోట, అడవి వాయువుల నుంచి ఏర్పడే కణాలు సగటున 60 నుంచి 200 శాతం పెరిగాయని అది తేల్చింది.

ఇప్పుడు మన జిల్లాను చూడండి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో కర్నూలు ఉంది. నగరానికి తూర్పున నల్లమల. పడమటి గాలి వీచే రోజుల్లో నగరపు పొగ సాగేది అటువైపే. అయితే అమెజాన్ లెక్కను ఉన్నదున్నట్టు ఇక్కడికి అన్వయించకూడదు. నల్లమల ఆకురాల్చే అడవి. ఆకు రాలిన నెలల్లో చెట్లు వదిలే ఐసోప్రీన్ కూడా తగ్గుతుంది.

5.5 చెట్లదా తప్పు?

చెట్ల వాయువులు కణాలవుతాయి కాబట్టి చెట్లు కొట్టేస్తే గాలి శుభ్రపడుతుందని అనుకోవడం పొరపాటు. మనౌస్ చుట్టూ ఉన్న చెట్లు నగరం లేనప్పుడూ ఆ వాయువులనే వదిలాయి. కణాలను అంతగా పెంచింది కొత్తగా వచ్చి కలిసిన పొగ. ఎండను ఆపలేం, అడవిని పోగొట్టుకోకూడదు. మన చేతిలో ఉన్నది పొగను తగ్గించడమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. రాత్రిపూట ఐసోప్రీన్ నుంచి ద్వితీయ కణాలు ఎందుకు తక్కువగా ఏర్పడతాయి? రెండు కారణాలు రాయండి.
2. మీ ఊరి గాలిలో ప్రాథమిక కణాలు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయో గమనించి, మూడింటిని పేర్కొనండి.

5.6 సారాంశం

నగరపు నత్రజని ఆక్సైడ్లు, అడవి వదిలే వాయువులు ఎండలో చర్య జరిపి ద్వితీయ కణాలనిస్తాయి. ఆ కణాలు ఎండలోనే మళ్లీ మారుతుంటాయి. అందువల్ల అడవి గాలిని కాపాడే పని నగరంలోనే మొదలుకావాలి.