సగం విని ‘ఓకే’ అనేస్తున్నారా?

హైదరాబాద్ నుంచి ముంబై హైవే మీద వెళ్తుంటే జహీరాబాద్ దాటాక, కర్ణాటక మొదలయ్యే చోట చిరాగ్‌పల్లి వస్తుంది. చెక్‌పోస్టు పేరుతోనే చాలామందికి తెలిసిన ఊరు. తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడ, లారీ డ్రైవర్ల హిందీ, మరాఠీ.. ఇన్ని భాషలు కలిసే దారి ఇది. ఇక్కడ ఓ డ్రైవర్ ‘మాల్ కల్...’ అన్నాడనుకోండి. సరుకు నిన్న వచ్చినట్టా, రేపు వస్తుందనా? ‘కల్’ అంటే నిన్న, రేపు రెండూ. చివర్లో ‘ఆయా’ అంటే వచ్చేసింది, ‘ఆయేగా’ అంటే ఇంకా రావాలి. ఆ చివరి మాట దాకా ఆగకుండా ‘అచ్ఛా అచ్ఛా’ అని తలూపారా, హమాలీల ఒకరోజు కూలి దండగ.

మన తెలుగూ అంతే కదా! అసలు సంగతి వాక్యం చివర్లో ఉంటుంది. ‘మీ ప్రాజెక్టు బాగుందని అందరూ అంటున్నారు కానీ, నాకైతే అలా అనిపించడం లేదు’ అని మేనేజర్ చెప్తుంటే సగంలోనే ‘థాంక్యూ సార్’ అంటే ఎలా ఉంటుంది?

583 ప్రాణాలు

ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవి విమానాశ్రయంలో పొగమంచు కమ్మింది. రన్‌వే మీద రెండు జంబో జెట్‌లు ఉన్నాయి. ఒక విమానం పైలట్లు టేకాఫ్‌కు సిద్ధమంటూ మాట్లాడారు. కంట్రోల్ టవర్ ‘ఓకే’ అని, కాస్త ఆగి ‘టేకాఫ్‌కు వేచి ఉండండి, నేను పిలుస్తాను’ అంది. సరిగ్గా అప్పుడే రెండో విమానం కూడా రేడియోలో మాట్లాడటంతో సిగ్నళ్లు కలిసిపోయి, ‘ఓకే’ తర్వాతి మాటలు స్పష్టంగా వినపడలేదు. ఆ విమానం అప్పటికే కదిలింది. 583 మంది చనిపోయారు. కారణాలు చాలానే ఉన్నా, మాట సరిగ్గా అందకపోవడం అందులో పెద్దది. ఆ తర్వాత రేడియో సంభాషణల్లో వాడే పదాలను కట్టుదిట్టం చేశారు. అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప ‘టేకాఫ్’ అనే మాటే వాడకూడదన్నారు. కీలకమైన ఆదేశాలను పైలట్ తిరిగి చదివి వినిపించాలి.

కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లకు ఇది తెలిసిన లాజిక్కే. టీసీపీలో ప్యాకెట్ అందినట్టు అవతలి నుంచి కబురు వచ్చేదాకా పంపినవాళ్లు పని పూర్తయిందనుకోరు. మనుషులం మాత్రం ‘చెప్పేశాను కదా’ అనుకుంటాం.

అడ్డం ఎక్కడుంది?

చెవిలో కాదు, మన తలలోనే. మొదటిది, ఎదుటివాళ్లు మాట్లాడుతుండగానే జవాబు తయారు చేసుకోవడం. గ్రూప్ డిస్కషన్‌లో చాలామంది దొరికిపోయేది ఇక్కడే. రెండోది, యాసను బట్టి మనిషిని అంచనా కట్టడం. మూడోది, ‘సమజ్ కాలేదు, మళ్లీ చెప్పండి’ అనడానికి మొహమాటం. పల్లె నుంచి వచ్చి ఇంగ్లిష్ ఇంటర్వ్యూలో కూర్చున్న వాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే.

మానసిక శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్ 1952లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో ఈ జబ్బుకు పేరు పెట్టారు. విన్న వెంటనే తప్పో ఒప్పో తేల్చేయాలనే తొందరే మాటలకు పెద్ద అడ్డంకి అన్నారు. మందూ చెప్పారు. వాదన ముదిరినప్పుడు, ఎదుటివాళ్లు చెప్పింది వాళ్లు ‘అవును, అదే’ అనేలా ముందు మీరు చెప్పాలి. ఆ తర్వాతే మీ మాట. ఒకసారి ప్రయత్నించండి, చాలా కష్టం! వినడమంటే ఒప్పుకోవడం కాదు. కాదనాలన్నా, ముందు దేన్ని కాదంటున్నామో తెలియాలి కదా.

మన దగ్గరి పాఠం

జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. మాచునూరులో 2008 అక్టోబర్ 15న మొదలైన సంఘం రేడియోను దళిత మహిళలే నడుపుతున్నారు. ఈ సంస్థలోనే వీడియో తీయడం నేర్చుకున్న మహిళా రైతులు కెమెరా కోణాలకు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే ‘పటేల్ షాట్’. కంటికి కన్ను సమానంగా చూస్తే ‘సంఘం షాట్’. ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తున, నేలమీద కూర్చుంటారు. వినడానికీ ఇదే కొలత. జూనియర్ చెప్పేది పటేల్ షాట్‌లో వింటే సగమే అందుతుంది. బాస్ చెప్పేది భయంతో కింది నుంచి చూస్తూ విన్నా సగమే.

రేపటి నుంచే..

• ఇంటర్వ్యూలో ప్రశ్న పూర్తయ్యాక ఒక్క క్షణం ఆగండి. అనుమానముంటే ‘మీరు అడుగుతున్నది ప్రాజెక్టులో నా వంతు పని గురించేనా సార్?’ అని తేల్చుకోండి. అది తెలియనితనం కాదు, జాగ్రత్త.

• గ్రూప్ డిస్కషన్‌లో ముందు మాట్లాడినవాళ్ల పాయింటును ఒక్క వాక్యంలో చెప్పి, మీది జోడించండి. అరిచేవాళ్ల మధ్య విన్నవాళ్లు వేరుగా కనిపిస్తారు.

• షిఫ్టు మారేటప్పుడు ‘సమజైందా?’ అని అడిగితే అందరూ ‘ఆ’ అనే అంటారు. ‘ముందు ఏ వాల్వు మూస్తవ్ అన్నా?’ అని అడగండి. జవాబులోనే తెలిసిపోతుంది.

• భాష రాని మనిషితో గొంతు పెంచకండి. మాటలు తగ్గించండి. తేదీ, అంకె, ఊరి పేరు రాసి చూపించండి.

ఇంట్లోనూ ఇది పనికొస్తుంది. ఈసారి నాన్న ఫోన్ చేసి పంట ధర గురించి చెప్తుంటే, స్క్రోలింగ్ ఆపి చివరిదాకా వినండి. ‘అయితే ఇప్పుడు అమ్మాలా, ఆగాలా అన్నదే నీ పరేషాన్, అంతేనా నాన్నా?’ అని అడగండి. సలహా తర్వాత ఇవ్వొచ్చు. ముందు ఆయన ‘ఆ, గదే బిడ్డా’ అనాలి.