అంబాసిడర్ బ్రేకులో రబ్బరు కప్పు

పాత అంబాసిడర్‌ను బాగుచేయించేవాళ్లు ముందు రంగు గురించి, సీట్ల గురించి అడుగుతారు. ఏళ్ల తరబడి షెడ్డులో నిలిచిన బండికి మొదట చూడాల్సింది వీల్ సిలిండర్లలోని రబ్బరు కప్పులను. టన్నుకు పైబడిన బండి ఆగేది రూపాయి బిళ్లంత ఉండే ఆ కప్పుల బలంతోనే.

మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పాకుతుందని పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. ఆ సూత్రాన్ని కారు చక్రాల దాకా తెచ్చినవాడు అమెరికాకు చెందిన మాల్కమ్ లాక్‌హీడ్. 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ ‘మోడల్ A’ కారు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చింది. కడ్డీలు, తీగలతో లాగే పాత బ్రేకుల్లో ఒక చక్రం ముందు, మరొకటి తర్వాత పట్టి బండి పక్కకు లాగేది. ఆ బాధ తప్పింది గానీ, తొలి సీళ్ల దగ్గర ఆయిల్ కారేది. 1924లో క్రైస్లర్ ఇంజనీర్లు రబ్బరు కప్పులు పెట్టాకే ఈ బ్రేకు మీద నమ్మకం కుదిరింది.

ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టిన మన అంబాసిడర్‌కూ అవే కప్పులు. తొలి బళ్లలో నాలుగు చక్రాలకూ ఒకటే లైను. ఎక్కడ ఒక్క కప్పు పోయినా పెడల్ నేలకు తగులుతుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. ఆ తేమే సిలిండర్ లోపల తుప్పు పుట్టిస్తుంది. డ్రమ్ము ఊడదీసి, పిస్టన్ బయటికి తీసి, లోపలి గోడను వేలితో తడిమి చూడాలి. గుంటలు గోటికి తగిలితే కొత్త కప్పుల కిట్ వేసినా దండగే, కప్పు అంచు మళ్లీ కోసుకుపోతుంది, సిలిండరే మార్చాలి. కప్పును పెట్రోలుతో, కిరోసిన్‌తో కడిగితే ఉబ్బిపోతుంది. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే తడిపి, పెదవి ఆయిల్ వైపు ఉండేలా ఎక్కించాలి.

ఆపైన లైన్లో చేరిన ఎయిర్ తీయాలి. ఒకరు పెడల్ నొక్కి పట్టుకుంటే మరొకరు వీల్ సిలిండర్ మీది నిపుల్ వదులు చేస్తారు. నిపుల్ బిగించాకే కాలు ఎత్తాలి. నిపుల్‌కు తగిలించిన పైపులో బుడగలు ఆగేదాకా ఇదే పని. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. ఒక్క బుడగ మిగిలినా పెడల్ మెత్తగానే ఉంటుంది.

రంగు రెండు నెలలు ఆగినా ఫరవాలేదు. ఈ పని ముందు చేయించండి. ఎప్పుడో మూత విప్పిన డబ్బాలోని ఆయిల్ మాత్రం పోయనివ్వకండి.