తాలిమి నేర్పేది మాట తప్పని పెద్దలే

బూదికోట: హైదర్ అలీ పుట్టిన ఊరుగా బూదికోటకు పేరు. ఈ చుట్టుపక్కల మన పిల్లలు బడిలో కన్నడంలో 'తాళ్మె' అని చదువుతారు, ఇంట్లో 'తాలిమి' అని వింటారు. మాట రెండు భాషల్లోనూ ఉంది, గుణం అబ్బడమే కష్టం. అడిగింది వెంటనే చేతిలో పడకపోతే ఏడుపు లంకించుకునే పిల్లలు లేని ఇల్లేది?

పిల్లల ఓపికపై పేరుమోసిన పరీక్షను అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ 1960ల చివర్లో మొదలుపెట్టారు. ఎదుట ఒక మిఠాయి పెట్టి, తినకుండా ఆగితే రెండు ఇస్తామన్నారు. ఆగినవారే పెద్దయ్యాక రాణిస్తారని చాలాకాలం నమ్మారు. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలు చూస్తే, ఇంటి పరిస్థితులను లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం బాగా తగ్గిపోయింది.

రోచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధన 2013లో అచ్చయింది. 28 మంది చిన్నారులకు మంచి రంగులు తెచ్చిస్తామని ముందుగా చెప్పారు. సగం మందికి తెచ్చిచ్చారు, సగం మందికి లేవన్నారు. తర్వాత మిఠాయి పరీక్ష పెట్టారు. మాట నిలిపిన చోట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన చోట మూడు నిమిషాలే.

పట్టుపురుగుల దగ్గర పాఠం

ఆగితే ఫలం దక్కుతుందని కళ్లారా చూసిన పిల్లాడే ఆగుతాడు. అది చూపించడానికి కోలారు జిల్లా రైతుల ఇళ్లలో పట్టుపురుగులున్నాయి. గూడు కట్టేలోగా పురుగుకు నాలుగు జ్వరాలు. జ్వరంలో అది మేయదు, కదపకూడదు. ఇంచుమించు అన్నీ లేచేదాకా ఆకు వేయరు. చంద్రికల మీదికెక్కాక ఐదారు రోజులాగి గూళ్లు విప్పుతారు. తొందరపడితే లోపలి పురుగు చితికి గూడు పాడవుతుంది. పక్కనే నిలబడి చూసే పిల్లలకు ఎందుకాగాలో వేరే చెప్పాలా?

పురుగులు లేని ఇంట్లోనూ చేయగలిగింది ఉంది. "రేపు కొనిస్తాలే" అని తప్పించుకోవద్దు. "సంతరోజు కొనిస్తా" అంటే ఆరోజు కొనాల్సిందే. డబ్బు కుదరకపోతే ఆ సంగతే చెప్పి ఇంకో రోజు చెప్పండి, ఆ రోజు మాత్రం తప్పకండి. తినుబండారం కంటికి కనబడకుండా పెడితే పిల్లలు ఎక్కువసేపు ఆగుతారని కూడా మిషెల్ పరీక్షల్లో తేలింది. కాబట్టి ఆగమన్న వస్తువును ఎదురుగా పెట్టకండి. చిన్న చిన్న మాటలతో మొదలుపెడితే చాలు, పిల్లలకు నమ్మకం కుదురుతుంది.