రెండు లేతపచ్చలు



మన భాషలో పచ్చ యను మాట గడుసుది. పసుపుకొమ్మును పచ్చ యందుము, వరిచేనును పచ్చ యందుము. ఈ రెంటి నడుమ నెన్ని చాయలున్నవో మాట చెప్పదు, కన్ను చెప్పవలెను. నాకీ సంగతి డబ్బు వ్యయమైన పిమ్మట బోధపడినది.

మా గృహిణి కీళ్ళనొప్పులచే దినములో పెద్దభాగము మంచముమీదనే గడుపును. ఆమె గదికి రంగు వేయింపదలచి అంగడిలో రెండు లేతపచ్చలను చూచితిని. ఒకటి నారుమడిలోని మొలకవలె పసుపువైపు మొగ్గినది. రెండవది నీలివైపు మొగ్గినది. మిట్టమధ్యాహ్నపు టెండలో భేదము గోరంత. నీలిది చల్లగా నుండునని దానినే వేయించితిని. నాటి రాత్రి దీపము వెలిగింపగా నామె, "ఏమండీ, గోడలకు బూడిద పూసినట్లున్నదే!" యనెను. చూతును గదా, నిజమే.

కారణము వినుడు. ఆ గదికి ఉత్తరపు కిటికీ యొక్కటే. అందుండి ఎండ నేరుగా వచ్చుట అరుదు. వచ్చునది ఆకాశపు వెలుతురు, అది నీలిచాయ గలది. కావున పగలు ఆ గోడ మరింత చల్లబడును. రాత్రి పసుపుదీపములో నీలికాంతి స్వల్పము. గోడలోని నీలిపాలునకు త్రిప్పి పంపుటకేమియు లేక రంగు చచ్చును. పైగా మా నేల ఎర్రగచ్చు. దాని ఎరుపు గోడపై బడి ఆకుపచ్చను విరిచి బూడిదచాయ చేయును. మొలకపచ్చయైనచో ఆ దీపమునకే కళకట్టును. అట్లని నీలిపచ్చ చెడ్డది కాదు. సాయంకాలపు టెండ కొట్టు నా పడమటిగదిలో నది హాయిగా నున్నది. అచ్చట మొలకపచ్చ పసుపుముద్దయై యుండెడిది.

నేటి దీపముల పెట్టెలపై నొక అంకె యుండును. 2700 అనిన పసుపు వెలుతురు, 6500 అనిన నీలి తెలుపు. రంగు కొనుటకు ముందు దీపమేదో నిశ్చయించుకొనుడు.

సున్నములో రంగు కలుపుకొనువారికొక మాట. తడిసున్నము ముదురుగా గనబడి, ఆరిన పిదప మిక్కిలి పాలిపోవును. ప్రష్యన్ నీలమును సున్నములో కలుపరాదు. క్షారమునకది చెడి గోధుమవన్నె కెక్కును. అల్ట్రామెరైన్ నీలము, క్రోమియము ఆక్సైడు ఆకుపచ్చ నిలుచును.

మరల వేయించునప్పుడు మూరెడు అట్టలు రెంటికి రెండేసి పూతలు వేసి, ఆరనిచ్చి, మంచమునకెదురుగా గోడకానించితిని. ఉదయము, మధ్యాహ్నము, దీపాలవేళ మూడుమారులు చూచితిమి. ఈసారి ఎంపిక మాత్రము నాది కాదు, మంచముమీది యామెదే.