పాత ధరలు, పాత కార్లు: మెట్టకూరు లెక్క

పెద్దలు నలుగురు కూడినచోట పూర్వపు ధరల ప్రసంగము రాకమానదు. అణాకు ఏమి వచ్చెడిదో, పావలాతో ఇంటికి ఎన్ని సరుకులు చేరెడివో, ఊరిలో మోటారుకారు ఎవరి వాకిట నిలిచెడిదో చెప్పి, నేటి ధరలను తలచి నిట్టూర్చుట తెలుగునాట అన్ని ఊళ్లలోను ఉన్నదే. యానాములోని మెట్టకూరున ఈ ప్రసంగమునకొక విశేషము కలదు. అచ్చటి వృద్ధుల బాల్యమున ఎదురైన లెక్కలు ఒకటి గాదు, రెండు. యానాము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. చుట్టునున్న తూర్పుగోదావరి సీమ మొదట ఆంగ్లేయులది, పిదప స్వతంత్రభారతముది. పొలిమేర దాటిన చాలును, పాలన మారెడిది, సుంకము మారెడిది, రూపాయిని చిల్లరగా విడగొట్టు విధము సైతము మారెడిది. కనుక మెట్టకూరున పాత ధర చెప్పువారిని ‘ఎప్పటి ధర?’ అని మాత్రమే గాక ‘పొలిమేరకు ఏ వైపు ధర?’ అని కూడ అడుగవలసియున్నది.

ఆంగ్లేయుల లెక్కలో రూపాయికి 16 అణాలు, అణాకు 12 దమ్మిడీలు, వెరసి రూపాయికి 192 దమ్మిడీలు. ఫ్రెంచి లెక్కలో రూపాయికి 8 ఫానోన్లు, ఫానోన్‌కు 24 కాష్‌లు. 1923 నుండి ఫ్రెంచి ఇండియా తపాలాబిళ్లల మీద వెల ఈ కాష్, ఫానోన్, రూపాయిలలోనే అచ్చయ్యెను. ఎనిమిదిని ఇరువదినాలుగుతో హెచ్చించిన వచ్చునది కూడ 192 మాత్రమే. అనగా కాష్ అన్నను దమ్మిడీ అన్నను ఒకటే. ఫానోన్ మన బేడ, రెండణాల విలువ. ఫ్రెంచి పాలకులు పేర్లు వేరు పెట్టుకొన్నను, విలువ ప్రక్క బజారుతో ముడిపడక తప్పలేదు.

ఆ పేర్లు సైతము పూర్తిగా పరాయివి కావు. కాష్ అనునది దక్షిణదేశపు కాసు, పోర్చుగీసువారి నోటబడి ఐరోపాకు పోయి తిరిగివచ్చినది. ఫానోన్ అనునది పణము. ఫ్రెంచివారు దూదూ అని వ్రాసిన చిన్న రాగినాణెము దుడ్డు తప్ప మరియొకటి కాదు. దుడ్డు రాయలసీమలో నేటికిని ధనమునకు సామాన్యనామము. మన మాట ఓడనెక్కి వెళ్లి టోపీ పెట్టుకొని వచ్చినంత మాత్రమున దానిని గుర్తింపకుండుట తగదు.

ఆనాటి బడిపిల్లలకు ఈ విభజనము కష్టమనిపింపకుండుటకు కారణము తెలుగు భిన్నములలోనే ఉన్నది. పాతిక నాల్గవ వంతు, పరక ఎనిమిదవ వంతు, వీసము పదునారవ వంతు, కాని అరువదినాల్గవ వంతు. రూపాయిలో పాతిక పావలా; పరక బేడ, అదియే ఫానోన్; వీసము అణా. అరువదినాల్గవ వంతగు పావు అణాకు కానీ యను పేరు ఇందువలననే వచ్చినది. సగమునకు సగము, దానికి మరల సగము అని తెగుచు పోవు ఈ లెక్క సంతలో నోటితోనే తేలిపోయెడిది. 1957 ఏప్రిలు 1వ తేదీన భారతదేశమున రూపాయికి నూరు నయాపైసలు వచ్చుటతో ఇది చెదరినది. అణాకు ఆరుంపావు పైసలు గావలెను. అట్టి నాణెము లేదు. ప్రభుత్వపు పట్టికలో ఒక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 నయాపైసలుగా నిర్ణయించిరి. నాలుగు మారులు అణా సరుకు కొన్నవాడు 24 పైసలిచ్చును. ఒక్కమారు పావలా సరుకు కొన్నవాడు 25 ఇచ్చును. వర్తకుడు ఆరు పుచ్చుకొన్న వానికి నష్టము, ఏడడిగిన కొనువానికి నష్టము. పైసాలో పావువంతు కొరకు ఇంత చర్చ యేల యని నేటి పాఠకులకు తోచవచ్చును. అణాతో ఒక పూట గడిచిన ఇంటికి అది చర్చింపదగినదే.

యానాము ఈ మార్పునకు మూడేండ్లు ముందే మరియొక మార్పును చూచెను. 1954 జూన్ 13వ తేదీన విలీనవాదులు పరిపాలనను చేజిక్కించుకొనిరి. నవంబరు 1వ తేదీన ఫ్రెంచి ఇండియా వాస్తవముగ భారతదేశమునకు సంక్రమించెను. చట్టరీత్యా విలీనము 1962 ఆగస్టు 16వ తేదీన ముగిసెను. పుదుచ్చేరిలో ఇండోచైనా బ్యాంకువారు వెలువరించుచు వచ్చిన రూపాయినోట్లకు కాలము తీరెను. మెట్టకూరున 1945 ప్రాంతమున పుట్టిన బిడ్డ పదునైదేండ్లు నిండకమునుపే ఫానోన్లను, అణాలను, నయాపైసలను మూడింటిని చూచియుండును.

పొలిమేరవలన వెల మారుట యానామునకు కొత్త గాదు. మంగళవారపు సంతకు చుట్టుపట్ల ఆంగ్లేయ పాలిత గ్రామములనుండి జనులు విదేశపు సరుకులకై వచ్చెడివారు. సుంకము కట్టని సరుకు దొరకునను పేరును ఆ సంతకుండెను. చట్టము తేడా పెండ్లిండ్లను సైతము తెచ్చెను. బాల్యవివాహములను నిషేధించిన 1929 నాటి శారదాచట్టము ఫ్రెంచి భూమిమీద చెల్లనందున ఆంధ్రదేశమునుండి బంధుజనముతో తరలివచ్చి పిల్లలకు ముడివేసికొనిపోయెడివారు; కల్యాణపురమను పేరు అట్లు కలిగెను. ముచ్చటగా తోచు ఈ పేరు వెనుక ఎందరు బాలికల బాల్యము ముగిసెనో తలచిన, ఆ రోజులన్నియు బంగారపురోజులని చెప్పుటకు నోరు రాదు.

ఇక ధరల నిట్టూర్పు విషయము. పాత ధరను నేటి ధర ప్రక్కన నిలిపి ఎన్ని రెట్లు పెరిగినదో చెప్పుట తేలిక. పాత ఆదాయమును మాత్రము ఆ ప్రక్కన నిలుపరు. 1948–49 సంవత్సరమునకు జాతీయాదాయ సంఘమువారు కట్టిన లెక్కలో భారతీయుని తలసరి ఆదాయము ఏడాదికి సుమారు 250 రూపాయలు, అనగా రోజునకు పదునొకండు అణాలు. 2023–24లో తలసరి ఆదాయము లక్షా ఎనుబదివేలు దాటినది. రోజునకు సుమారు ఐదువందలు. సరాసరి యనునది ధనికుని, కూలివానిని కలిపి పంచిన అంకె. కూలివాని చేతికి ఆనాడును నేడును అంత రాదు. అయినను కొలబద్దగా పనికివచ్చును.

ఈ కొలబద్దను మొదట తపాలాకార్డునకు పెట్టి చూడవచ్చును. భారత తపాలాశాఖ 1879 జూలై 1వ తేదీన కార్డును ప్రవేశపెట్టినపుడు దాని వెల కానీ. 1950 ప్రాంతమున అది ముక్కాలణా, తొమ్మిది దమ్మిడీలు. నేడు అర్ధరూపాయి. దమ్మిడీలలో చూచిన తొమ్మిది తొంబదియారైనది. కాని పదునొకండు అణాల దినాదాయములో తొమ్మిది దమ్మిడీలు పదునైదవ వంతు. ఐదువందల దినాదాయములో అర్ధరూపాయి వేయవ వంతు. చౌకయని తలపోయబడు ఆ కాలమున కూతురు క్షేమము వ్రాయుటకు ఇంటివారు ఎందుకు వెనుకాడెడివారో ఈ అంకె చెప్పును. నేడు వ్రాయకపోవుటకు కారణము వెల గాదు.

బంగారము కథ వేరు. దీనివలన కుటుంబములలో మనస్పర్థలు కలుగుటయు కలదు. ‘నూరు రూపాయలకు వచ్చుచుండగా మీరేల కొనలేదు?’ అని మనుమలు తాతలను నిలదీయుదురు. 1950లో పది గ్రాముల మేలిమి సుమారు నూరు రూపాయలన్నమాట నిజమే. అది నాటి తలసరి ఆదాయములో ఐదు నెలల సంపాదనకు సమీపము. 2024లో అదే తూకపు వెల డెబ్బదివేలకు అటునిటు. అదియును దాదాపు ఐదు నెలల సంపాదనయే. 2025లో లక్ష దాటిన పిదపగాని త్రాసు గట్టిగా ఒకవైపునకు వ్రాలలేదు. తాతలు కొనకుండుట తెలివితక్కువ గాదు. ఐదు నెలలు పస్తుండి కొనుట ఎవరికి సాధ్యము? తమ పెద్దలను నిందించు ముందు ఈ చిన్న భాగహారము చేయుట పిల్లలకు ఎవరైనను నేర్పవలసియున్నది.

బియ్యపు వెలలను పోల్చుట ఇంతకంటె చిక్కు. 1962 ఏప్రిలు నుండి మెట్రికు తూకము తప్పనిసరియగు వరకు బియ్యమును మానికతోను కుంచముతోను కొలిచెడివారు. కొలపాత్రమీద రాశిపోసి ఇచ్చుట ఒక పద్ధతి, అంచువరకు చదునుచేసి ఇచ్చుట మరియొక పద్ధతి. రూపాయికి ఇన్ని మానికలని జ్ఞాపకమున్నవారికి రాశియా చదునా యన్నది జ్ఞాపకముండదు. యుద్ధకాలమునుండి 1954 వరకు అప్పుడప్పుడు సడలుచు బిగియుచు సాగిన కంట్రోలులో, పుస్తకములోని వెలకు బియ్యము దొరకుట వేరు, దొరకకపోవుట వేరు.

దొరకుట, దొరకకపోవుట యను ఈ భేదము మోటారుకార్ల విషయమున మిక్కిలి స్పష్టము. పాత కార్లనగానే అందరికిని జ్ఞప్తికి వచ్చునది అంబాసిడరు. ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారు అచ్చుననుసరించి హిందుస్తాన్ మోటార్సువారు 1957 నుండి బెంగాలులోని ఉత్తరపారాలో తయారుచేసిరి. బొంబాయిలో ప్రీమియరువారి ఫియట్ 1100 దానికి ప్రతిపక్షము. 1974 నుండి అది పద్మిని యను పేర ప్రసిద్ధి. మద్రాసులో 1961 నుండి స్టాండర్డు హెరాల్డు వచ్చెను. ఇంచుమించుగ ఈ మూడు పేర్లతోనే దేశము ఇరువదేండ్లకు పైగా గడిపెను. ముందు సీటు బల్లవలె ఒక్కటే. గేరుకర్ర స్టీరింగు ప్రక్కననే యుండుటచే నడుమ కాళ్లకడ్డులేదు. ముందు ముగ్గురు, వెనుక నలుగురు, ఒడిలో పిల్లలు. పెండ్లివారు కారెక్కిరనిన లెక్కించుట మానవలెను. ఈ సుఖమును నేటి కారు ఈయజాలదను మాట ఒప్పుకొనదగినదే.

అయితే ఆ కారు వెల ఎంత? కాగితముమీది వెల కొలది వేలు. 1951 నాటి పరిశ్రమల చట్టముక్రింద ఎన్ని కార్లు తయారుకావలెనో లైసెన్సు నిర్ణయించెడిది. బొంబాయిలో 1928 నుండి కార్లు కూర్చుచుండిన జనరల్ మోటార్సువారు, స్వదేశముననే భాగములు తయారుచేయవలెనను నిబంధన వచ్చినమీదట 1954లో మూతవేసికొని వెడలిరి. 1969లో కారు వెలను సైతము ప్రభుత్వము ఉత్తరువుచే కట్టడిచేసెను. వెల పెరుగరాదు, సంఖ్య పెరుగదు. ఇక పెరుగదగినది ఒక్కటే, నిరీక్షణము. డబ్బు కట్టి ఏండ్ల తరబడి వేచియుండవలెను. వేచియుండలేనివాడు వాడినకారును కొత్తకారుకంటె హెచ్చు వెలకు కొనెను. పాతవస్తువు కొత్తదానికంటె ప్రియమగుట సారాయికి చెల్లును గాని ఇనుమునకు చెల్లుట వింతయే! కనుక ‘ఆ రోజులలో కారు చౌక’ అనువారు చెప్పునది అమ్మకపువెల. చెప్పనిది కాలము, సిఫారసు, నల్లబజారు.

1983 డిసెంబరు 14వ తేదీన తొలి మారుతి 800 చేతికందెను. దాని వెల 47,500 రూపాయలు. వినుటకు నేడు నవ్వువచ్చును. మంచి మోటారుసైకిలునకు సగము కూడ చాలదు. కాని నాటి తలసరి ఆదాయము ఏడాదికి రెండు, మూడు వేల నడుమ మాత్రమే. అనగా ఆ చిన్నకారు సుమారు ఇరువదేండ్ల సంపాదన. నేడు అదే సంస్థవారి చిన్నకారు నాలుగు లక్షల ప్రాంతమున దొరకును. అది రెండేండ్ల సంపాదనకు కొంచెము హెచ్చు. మేలిమి నిలిచినచోటనే నిలిచినది, కార్డు చౌకయైనది, కారు ఎనిమిది తొమ్మిది రెట్లు చేరువయైనది. ధరలన్నియు పెరిగినవని ఒక్కమాటలో చెప్పువారు ఈ మూడింటిని విడివిడిగా చూడవలెను. 1993లో కార్ల తయారీకి లైసెన్సు తొలగెను; మారుతి 800, అంబాసిడరు రెండును 2014లో, నెలల తేడాతో తయారీ నిలిచిపోయెను. ఒకదానికి అభిమానులు, రెండవదానికి ఋణగ్రస్తులు దుఃఖించిరని చెప్పిన అన్యాయము గాదు.

మెట్టకూరున ఈ లెక్కలమీద పొలిమేర లెక్క మరల వచ్చి కూర్చుండును. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో బియ్యము రెండు రూపాయలకిచ్చు పథకమును ప్రారంభించెను. ఆ వెల తెలుగువారందరి నోట మెలగినది. కాని యానాము పుదుచ్చేరి పాలనలోనిది, రాజధాని ఎనిమిదివందల కిలోమీటర్లకు పైగా దూరము. అదే అన్నము, అదే భాష, అదే గోదావరినీరు, కార్డు మాత్రము వేరు. పెట్రోలు విషయమున తక్కెడ ఇటు మొగ్గినది. 2021 నవంబరులో కేంద్రము ఎక్సైజుసుంకమును తగ్గించినపుడు పుదుచ్చేరి తన అమ్మకపుపన్నును సైతము తగ్గించెను, ఆంధ్రప్రదేశ్ తగ్గింపలేదు. అటుపిమ్మట లీటరునకు పది రూపాయలకు మించిన తేడా ఏర్పడి, ఆంధ్ర వాహనములు యానాము బంకులకు బారులుతీరెను. విదేశపుసరుకులకై మంగళవారపు సంతకు వచ్చినవారి మనుమలు పెట్రోలునకై వచ్చిరి. పి.వై. 04 అను యానాము సంఖ్యాఫలకము, ఎ.పి. ఫలకము ఒకే గొట్టము ముందు నిలుచుటలో నూరేండ్ల చరిత్ర కలదు. వేచియున్నవారికి దానిని చదువు తీరిక లేదు.

1954లో పదేండ్ల వయసున్నవారు నేడు ఎనుబది దాటియున్నారు. కాష్‌లతో మిఠాయి కొన్న చేతులు ఇంకను కొన్ని మిగిలియుండును. వారిని అడుగువారు వెల మాత్రమే వ్రాసికొనక, ఇంటిపెద్ద కూలి ఎంత, కొలత ఏది, సరుకు నిజముగ దొరికెనా, ఏ వైపు అంగడిలో కొనిరి అను నాలుగు ప్రశ్నలను చేర్చి వ్రాసికొన్నచో ఈ సంచికవంటి సంపుటములకు పదార్థము దొరకును. ముద్రిత పట్టికలలో యానాము ధరలు వెదకినను పుదుచ్చేరి నీడలోనే కనబడును. మెట్టకూరు అసలే కనబడదు.

నాణెముల పేర్లు నాణెములకంటె మొండివి. ఇరువదియైదు పైసల బిళ్ల, అనగా చివరి పావలా, 2011 జూన్ 30వ తేదీతో చెల్లుబాటు కోల్పోయెను. కాని ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల పొదుపుసంఘములకు నూటికి నెలకు పావలా చొప్పున, ఏడాదికి మూడు రూపాయల లెక్కన ఏర్పరచిన అప్పును జనులు పావలావడ్డీ యనియే పిలిచిరి. వడ్డీ పావలా, అర్ధరూపాయి, రూపాయి అనియే నేటికిని మాటలాడుదురు. అణా పోయి అరువదేండ్లు దాటినను తెలుగుదనము పదహారణాలదే. ఫానోన్ మాత్రము మెట్టకూరున ఏ సామెతలోను స్థిరపడలేదు. బేడ దాని చోటును ముందే ఆక్రమించియుండెను.